సౌష్ఠవాన్ని లెక్కగట్టిన సూరి భగవంతం గారు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాయమని సంపాదక మిత్రులు కోరారు. ముప్పై ఏళ్లకు పైగా భౌతిక శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఏ న్యూటన్ గురించో, ఐన్‌స్టీన్ గురించో రాస్తానని వాళ్లు అనుకొని ఉంటారు. నేను సూరి భగవంతం గారిని ఎంచుకున్నాను. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది మన ప్రాంతానికి సంబంధించింది. 1952 నుంచి 1957 వరకు ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. ఆ రోజుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లలకు పెద్ద చదువు అంటే ఉస్మానియానే. ఇప్పుడు నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరులో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి కాబట్టి మన పిల్లలకు ఆ సంగతి తెలియదు. మనకు చదువు చెప్పిన సార్లలో చాలామంది ఉస్మానియా పట్టా పట్టుకొని వచ్చినవాళ్లే.

రెండోది నా సబ్జెక్టుకు సంబంధించింది. ఏడో తరగతిలో మనందరం ఎర్ర రంగు వేసిన దండాయస్కాంతంతో ఆడుకున్నాం. దాని ఒక కొన ఉత్తరానికి ఎందుకు తిరుగుతుందో చదువుకున్నాం. అయితే ఇనుములో ప్రతి దిక్కూ సమానమే అయినప్పుడు, అది ఒక దిక్కును ఎట్లా ఎన్నుకుంటుందన్న ప్రశ్న ఎవరమూ అడగలేదు. ఇరవయ్యో శతాబ్దపు భౌతిక శాస్త్రంలోని లోతైన ప్రశ్నల్లో అదొకటి. ఆ ప్రశ్న చుట్టూ ఉన్న లెక్కను పద్ధతిగా వేసినవాళ్లలో మన తెలుగువాడు భగవంతం గారు ఒకరు.

బాల్యం, చదువు

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. బి.ఎస్సీ. చదివింది హైదరాబాదు నిజాం కాలేజీలో. అప్పట్లో నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అంటే కోస్తాలో పుట్టిన పిల్లవాడు నిజాం రాజ్యంలో చదివి, పట్టా మాత్రం మద్రాసు నుంచి పొందాడు. తరువాత ఎం.ఎస్సీ. కూడా మద్రాసు విశ్వవిద్యాలయం నుంచే.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ గారు తమ పేరుతో ప్రసిద్ధమైన ఫలితాన్ని కనుగొన్నారు. ఆ ఏడే భగవంతం గారు కలకత్తా వెళ్లి ఆయన దగ్గర చేరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. లోకమంతా ఆ ప్రయోగశాల వైపు చూస్తున్న కాలం అది. వజ్రం మీద రామన్ ఫలితాన్ని పరిశీలించిన తొలి వాళ్లలో భగవంతం గారు ఉన్నారు. 1931లో రామన్, భగవంతం ఇద్దరూ కలిసి, వాయువుల్లో చెదిరిన కాంతిని కొలిచి, కాంతి కణానికి తనదైన స్పిన్ ఉందనడానికి ప్రయోగం నుంచి ఆధారం చూపారు. ఇరవై రెండేళ్ల వయసులో నోబెల్ గ్రహీత పక్కన పేరు అచ్చుకావడం చిన్న సంగతి కాదు.

వాల్తేరు రోజులు

1932లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పుడు అక్కడ వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. విశ్వవిద్యాలయం పుట్టి ఆరేళ్లే అయింది. వాల్తేరు కొండ మీద భౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టే పనిలో భగవంతం గారు మునిగిపోయారు. తరువాతి పదహారేళ్ల కాలమే ఆయన పరిశోధనా జీవితానికి గుండెకాయ.

అక్కడే ఆయనకు టి. వెంకటరాయుడు గారు జత కలిశారు. వెంకటరాయుడు గారిది గణితం. భగవంతం గారి చేతిలో స్ఫటికాలున్నాయి, వాటి మీద పడి చెదిరిన కాంతి ఉంది. వెంకటరాయుడు గారి చేతిలో గ్రూపు సిద్ధాంతం ఉంది. ఇద్దరూ కలిసి 1939లో, స్ఫటికం ఆకారంలోని సౌష్ఠవాన్ని బట్టి అందులోని అణువులు ఎన్ని రకాలుగా కంపిస్తాయో, వాటిలో ఎన్ని రామన్ ఫలితంలో కనిపిస్తాయో ముందే లెక్కించి చెప్పే పద్ధతిని ప్రచురించారు. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ల పుస్తకాన్ని అచ్చువేసింది. గ్రూపు సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు ఎట్లా వాడాలో చెప్పే ఆ పుస్తకం ఎన్నో దేశాల విద్యార్థులకు చేరింది.

సౌష్ఠవం అంటే ఏమిటో ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. వాకిట్లో చుక్కల ముగ్గును ఊహించుకోండి. నాలుగు వైపులా ఒకే తీరుగా వేసిన ముగ్గును పావు చుట్టు తిప్పితే తిప్పినట్లే తెలియదు. ఎన్ని రకాలుగా కదిపినా ముగ్గు మారినట్లు కనిపించదో, ఆ కదలికలన్నీ కలిపి ఆ ముగ్గు సౌష్ఠవం. ప్రకృతిలోని స్ఫటికాలన్నీ ఈ లెక్కన 32 తరగతుల్లో ఇమిడిపోతాయి. ఉప్పు, పటిక, వజ్రం, క్వార్ట్జ్, ఏదైనా సరే, ఆ 32లో ఏదో ఒకదానికి చెందాల్సిందే.

ఈ లెక్కకు ఎంత బలం ఉందో 1942లో బయటపడింది. స్ఫటికాన్ని నొక్కితే దాని గుండా పోయే కాంతి తీరు మారుతుంది. ఆ మార్పును పూర్తిగా చెప్పడానికి ఎన్ని వేర్వేరు సంఖ్యలు కావాలి? పందొమ్మిదో శతాబ్దం చివర జర్మనీలో పోకెల్స్ అనే మహాపండితుడు దానికి పట్టిక తయారు చేశాడు. ఘనాకార స్ఫటికాలన్నింటికీ మూడు సంఖ్యలు చాలని ఆ పట్టిక చెప్పింది. యాభై ఏళ్లు లోకమంతా దాన్నే నమ్మింది. భగవంతం గారు గ్రూపు సిద్ధాంతంతో మళ్లీ లెక్క వేస్తే, ఘనాకార తరగతులు ఐదింటిలో రెండింటికి మూడు చాలవనీ, నాలుగు కావాలనీ తేలింది. తరువాత డి. సూర్యనారాయణ గారితో కలిసి స్ఫటికాల మీద ప్రయోగం చేసి ఆ తేడాను చూపారు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి, విశ్వవిద్యాలయం కొన్నేళ్లపాటు గుంటూరుకు తరలిపోయింది. అట్లాంటి సంవత్సరంలో ఈ పని వెలువడింది.

ఈ సంఘటనను నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. పుస్తకంలో ఉంది కదా అని వదిలేయకుండా మళ్లీ లెక్క వేసి చూసుకోవాలని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఉస్మానియాకు రాక

1948–49లో ఆయన లండన్‌లో భారత ప్రభుత్వం తరఫున వైజ్ఞానిక సంబంధాల అధికారిగా పనిచేశారు. అక్కడి నుంచి ఉస్మానియాకు భౌతిక శాస్త్ర ఆచార్యులుగా వచ్చారు. మన తాతల తరం బడిలో చదువుకున్నది ఉర్దూలో. ఉస్మానియా 1918లో మొదలైనప్పటి నుంచి ఉర్దూలోనే పై చదువులన్నీ చెప్పింది. 1948 తరువాత బోధనా భాష ఇంగ్లీషుకు మారుతూ వచ్చింది. పాఠ్యపుస్తకాలు మారాలి, అధ్యాపకులు మారాలి, పిల్లలు కూడా మారాలి. ఆ మార్పు నడుమ ఆయన వచ్చారు.

వైస్ ఛాన్సలర్ అయ్యేసరికి ఆయనకు నలభై దాటి రెండు మూడేళ్లు. 1952 అంటే హైదరాబాదులో ముల్కీ ఆందోళన నడిచిన సంవత్సరం. 1956 నవంబరు 1 అంటే రాష్ట్రమే మారిన రోజు. ఈ రెండింటి మధ్య ఒక విశ్వవిద్యాలయాన్ని నడపడం ఎవరికీ తేలిక కాదు. ఎక్కువ వివరాల్లోకి నేను పోను. ఒక్కటి మాత్రం చెప్పగలను. నేను ఎం.ఎస్సీ. చదివే రోజులకు ఆయన ఉస్మానియా వదిలి చాలా ఏళ్లయింది. అయినా స్ఫటికాల పని అక్కడ ఆగలేదు. స్ఫటికాన్ని నొక్కినప్పుడు కాంతి మారే తీరు మీద అక్కడి టి.ఎస్. నరసింహమూర్తి గారు రాసిన పెద్ద గ్రంథం 1981లో విదేశంలో అచ్చయింది. ఒక మనిషి వేసిన దారి వెనకవాళ్లకు పనికివచ్చిందనడానికి అది సాక్ష్యం.

1957లో ఆయన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా వెళ్లారు. ఒకప్పుడు తన గురువు రామన్ గారు కూర్చున్న కుర్చీ అది. 1962 వరకు అక్కడ ఉన్నారు. 1961 నుంచి 1969 వరకు ఢిల్లీలో రక్షణ మంత్రికి వైజ్ఞానిక సలహాదారు. 1962, 1965 యుద్ధాలు రెండూ ఆ కాలంలోనే వచ్చాయి. హైదరాబాదులో రక్షణ ప్రయోగశాలలు వెలిసింది కూడా ఆ దశకంలోనే. లోహాల మీద పనిచేసే డీఎంఆర్‌ఎల్ 1963లో మొదలైంది. తరువాతి కాలంలో సమేరియం, కోబాల్ట్ కలిపిన బలమైన శాశ్వత అయస్కాంతాల పని అక్కడ జరిగింది. మన జిల్లాల పిల్లలు ఎందరో ఆ ప్రయోగశాలల్లో ఉద్యోగాలు చేశారు. ఈ సంచిక చదివేవాళ్లలోనూ కొందరు ఉంటారు.

గొర్రెల మంద, ఇనుప ముక్క

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఇనుములోని ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం. ఇనుమును 770 డిగ్రీల సెల్సియస్ దాటి వేడిచేస్తే ఆ చిన్న అయస్కాంతాలు తలో దిక్కుకు ఊగుతుంటాయి. మొత్తం మీద ఏ దిక్కుకూ మొగ్గు ఉండదు. ఆ వేడి దిగితే పక్కపక్క పరమాణువులు ఒకే దిక్కుకు తిరగడం మొదలుపెడతాయి. ఈ హద్దును క్యూరీ ఉష్ణోగ్రత అంటాం. 1895లో పియరీ క్యూరీ తన పరిశోధనలో దీన్ని వివరంగా పరిశీలించాడు. పక్క పరమాణువుతో ఎందుకు కలుస్తుందో 1928లో హైసెన్‌బర్గ్ క్వాంటం సిద్ధాంతంతో వివరించాడు.

మన పాలమూరు చెల్కల్లో గొర్రెల మందను గుర్తు చేసుకోండి. మేసేటప్పుడు తలో దిక్కుకు చెదిరి ఉంటాయి. కాపరి ఏ దిక్కూ చూపకపోయినా సరే, ఒక గొర్రె నాలుగడుగులు వేసిందంటే పక్కది కదులుతుంది, దాని పక్కది కదులుతుంది, కాసేపటికి మందంతా ఒకే వైపు నడుస్తుంది. గొర్రెదాటు అని ఊరికే అనలేదు. ఏ గొర్రెకూ దిక్కుల మీద ప్రత్యేకమైన ఇష్టం లేదు. పక్కదానితో పోవాలన్నదే దాని నియమం. ఆ నియమంలో తూర్పు లేదు, పడమర లేదు. అయినా మంద ఏదో ఒక వైపే పోతుంది. నియమానికి అన్ని దిక్కులూ సమానం, ఫలితానికి మాత్రం ఒకే దిక్కు. బయటి నుంచి ఎవరూ నెట్టకుండా తనంతట తానే సౌష్ఠవం ఇట్లా చెదరడాన్ని స్వతస్సిద్ధ సౌష్ఠవ భంగం అంటారు.

ఇనుప స్ఫటికానికి అన్ని దిక్కులూ ఉండవు. అది ఘనాకారం. ఘనం అంచుల వెంట ఆరు దిశలు దానికి సులువు. ఆ ఆరూ సరిసమానం. అందులో ఒకదాన్ని ఎన్నుకోక తప్పదు. ఎన్నుకున్న క్షణం నుంచి ఆ ఘనం నిజమైన ఘనం కాదు. ఎన్నుకున్న అంచు పొడవు లక్షలో రెండు వంతుల మేర మారుతుంది. ఇంత చిన్న మార్పును ఎవరు గమనిస్తారని అనుకోవద్దు. బోరుబావుల పక్కన ఉండే ట్రాన్స్‌ఫార్మర్ రాత్రింబవళ్లు గుయ్యిమనడం మనందరం విన్నాం. కరెంటు దిశ మారినప్పుడల్లా లోపలి ఇనుప రేకులు ఇట్లా సాగి, తగ్గడం ఆ శబ్దానికి ముఖ్య కారణం.

మరి ఇంట్లోని మామూలు మేకు ఇంకో మేకును ఎందుకు లాగదు? దీనికి 1907లో ఫ్రాన్సులో పియరీ వైస్ జవాబు చెప్పాడు. మేకు లోపల ఒకే మంద ఉండదు, చిన్న చిన్న మందలు ఎన్నో ఉంటాయి. ఒక్కో మంద ఒక్కో దిక్కును ఎన్నుకుంటుంది. అన్నీ కలిస్తే మొత్తం సున్నా. దాన్ని దండాయస్కాంతంతో ఒకే వైపు రుద్దితే మందలన్నీ ఒకే దిక్కుకు మళ్లుతాయి.

క్యూరీకి ఇందులో ఒక చిక్కు ఉంది. 1894లో ఆయనే ఒక సూత్రం చెప్పాడు. కారణంలో ఉన్న సౌష్ఠవం ఫలితంలోనూ ఉండాలని దాని సారాంశం. ఆయన పేరు పెట్టిన ఉష్ణోగ్రత దగ్గరే ఆ సూత్రం తప్పినట్లు కనిపిస్తుంది. నిజానికి తప్పలేదు. ఆరు దిశలనూ కలిపి చూస్తే సౌష్ఠవం ఎక్కడికీ పోలేదు. ఒక్క ముక్కను చూసినప్పుడే పోయినట్లు ఉంటుంది. ఆ ఒక్క ముక్క ఏ దిక్కును ఎన్నుకుంటుందనేది కంటికి ఆనని ఒక చిన్న మొగ్గు తేలుస్తుంది.

భగవంతం గారి లెక్క

ఇక్కడే భగవంతం గారి పని వస్తుంది. ఇనుము ఒక దిక్కును ఎందుకు ఎన్నుకుందన్నది ఆయన ప్రశ్న కాదు. ఎన్నుకున్న తరువాత ఎంత సౌష్ఠవం మిగిలింది, ఆ మిగిలినదాన్ని బట్టి ఆ పదార్థం ఏమేం చేయగలదు, ఏమేం చేయలేదు, ఇది ఆయన ప్రశ్న.

మళ్లీ ముగ్గు దగ్గరికి వద్దాం. ముగ్గులో ఒక చుక్క తెల్ల పిండితో, పక్క చుక్క ఎర్ర జాజుతో, ఇట్లా మార్చి మార్చి పెట్టామనుకోండి. ఇప్పుడు ఒక గడి పక్కకు జరిపితే ముగ్గు మారినట్లు తెలిసిపోతుంది. కాని జరిపి, వెంటనే ఎరుపును తెలుపుగా, తెలుపును ఎరుపుగా మారిస్తే మళ్లీ మొదటి ముగ్గే. అయస్కాంత పదార్థాల్లో ఈ రంగు మార్పిడికి సమానమైనది కాలాన్ని వెనక్కి తిప్పడం. సినిమా రీలు వెనక్కి తిప్పినట్లు ఊహించుకోండి. తీగచుట్టలో కరెంటు ఎదురు తిరుగుతుంది, దాని ఉత్తర ధ్రువం దక్షిణ ధ్రువమవుతుంది. పరమాణువులోని చిన్న అయస్కాంతానికీ అదే గతి.

ఈ మార్పిడిని కూడా లెక్కలోకి తీసుకుంటే పాత 32 తరగతులు చాలవు. రష్యాలో షుబ్నికోవ్ వంటివాళ్లు చూపిన దారిలో మొత్తం 122 అయస్కాంత తరగతులు తేలాయి. వాటిలో 32 తరగతులకు అయస్కాంత క్రమమే ఉండదు, అవి క్యూరీ ఉష్ణోగ్రత పైనున్న ఇనుము లాంటివి. మిగిలిన 90లో 31 తరగతులు మాత్రమే మామూలు శాశ్వత అయస్కాంతం కావడానికి అనుమతిస్తాయి. తక్కినవాటిలో లోపల క్రమం ఉండవచ్చు, బయటికి అయస్కాంతం కనిపించదు. ఎర్ర చుక్క, తెల్ల చుక్క సరిసమానంగా ఉన్న మన ముగ్గు అటువంటిదే. ఇట్లాంటి పదార్థాలను వివరించినందుకు ఫ్రాన్సుకు చెందిన లూయీ నీల్‌కు 1970లో నోబెల్ వచ్చింది.

1964లో పి.వి. పంతులు గారితో కలిసి భగవంతం గారు ఈ అయస్కాంత తరగతులకు తన పాత లెక్క పద్ధతిని వర్తింపజేశారు. ఏ తరగతిలో ఏ గుణం సాధ్యం, దానికి ఎన్ని సంఖ్యలు కావాలి అన్నది వరసగా తేల్చారు. నొక్కితే అయస్కాంతమయ్యే స్ఫటికాలున్నాయి, విద్యుత్తు పెడితే అయస్కాంతమయ్యేవి ఉన్నాయి. కాలం తిప్పినా మారని పదార్థంలో ఈ రెండూ కుదరవు. లోపల అయస్కాంత క్రమం ఏర్పడి, ఆ సౌష్ఠవం పోయినప్పుడే వీటికి తలుపు తెరుచుకుంటుంది. 1966లో వచ్చిన ఆయన పుస్తకం స్ఫటిక సౌష్ఠవాన్నీ భౌతిక గుణాలనూ కలిపి చెబుతుంది. అయస్కాంత తరగతుల లెక్క కూడా అందులో ఉంది.

తేదీలు మరోసారి చూడండి. 1964, 1966. ఢిల్లీలో దేశ రక్షణకు సలహాదారుగా ఉన్న మనిషి, రెండు యుద్ధాలు చూసిన కుర్చీలో ఉండి, స్ఫటికాల పట్టికలు తయారు చేశారు. పెద్ద పదవి వచ్చాక చదువు పక్కన పెట్టే మనుషులను మనం ఎంతమందిని చూడలేదు? ఆయన పెట్టలేదు. నాకు ఆయన మీద గౌరవం పదవుల వల్ల కాక దీనివల్లే కలిగింది.

సౌష్ఠవ భంగం ఆలోచన అయస్కాంతం దగ్గర ఆగలేదు. 1960ల ప్రారంభంలో యోయిచిరో నంబు ఆ ఆలోచనను పరమాణువు లోపలి కణాల ప్రపంచంలోకి తీసుకుపోయాడు. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. 2012లో జెనీవా దగ్గర దొరికిన హిగ్స్ కణం కథ కూడా ఈ ఆలోచన మీద నిలబడిందే. గొర్రెల మందకు, ఇనుప ముక్కకు, విశ్వం మొదటి క్షణాలకు ఒకే రకమైన లెక్క పనికిరావడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

మన గుట్టల్లో రాసి ఉన్న దిక్కు

నల్లగొండ పేరులోనే నల్ల కొండ ఉంది. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపుల నుంచి వచ్చి చదివిన మనకు గ్రానైట్ గుండ్లు కొత్త కాదు. ఆ గుండ్ల మధ్య అక్కడక్కడ నల్లరాతి గుట్టలు కట్ట వేసినట్లు పొడుగ్గా సాగిపోతాయి. వాటిని భూగర్భ శాస్త్రంలో డైక్ అంటారు. గ్రానైట్ పగుళ్లలోకి లోపలి నుంచి కరిగిన రాయి ఎగదన్ని, చల్లబడి గట్టిపడితే అవి ఏర్పడ్డాయి. మన ప్రాంతంలోని చాలా డైకుల వయసు 200 కోట్ల ఏళ్లకు పైమాట.

ఆ నల్లరాతిలో మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. దాని క్యూరీ ఉష్ణోగ్రత 580 డిగ్రీలు. రాయి ఆ వేడి కిందికి దిగుతున్నప్పుడు అందులోని కోట్లాది చిన్న అయస్కాంతాలు దిక్కు ఎన్నుకోవాల్సి వచ్చింది. ఆ సమయంలో భూమి అయస్కాంత క్షేత్రం ఎటు ఉందో అటే మొగ్గాయి. భూమి క్షేత్రం చాలా బలహీనం. మనం బడిలో వాడిన దండాయస్కాంతం దాని ధ్రువం దగ్గర అంతకు వందల రెట్లు బలంగా ఉంటుంది. అయినా వేడి దిగే ఆ అదనులో ఆ చిన్న మొగ్గే చాలింది. రాయి గట్టిగా చల్లబడ్డాక ఆ దిక్కు అట్లాగే నిలిచిపోయింది. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఈ డైకుల నుంచి రాతి ముక్కలు తీసి, ఆ దిక్కును కొలిచారు. అప్పట్లో ఈ నేల భూగోళం మీద ఏ అక్షాంశంలో ఉండేదో దాన్నిబట్టి లెక్క కడతారు. చిన్నప్పుడు మనం ఎక్కి దిగిన గుట్టల్లో ఇంత పాత దిక్సూచి ఉందని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

పావలా ప్రయోగం

ఈ సంగతంతా పిల్లలకు పావలాతో చూపించవచ్చు. 1960ల నాటి పావలా బిళ్ల నికెల్‌ది. నికెల్ క్యూరీ ఉష్ణోగ్రత 358 డిగ్రీలు, ఇనుములో సగానికంటే తక్కువ. బిళ్లను సన్నని రాగి తీగకు వేలాడదీసి, పక్కన బలమైన అయస్కాంతాన్ని స్టాండుకు బిగించాలి. బిళ్ల అయస్కాంతం వైపు వాలి నిలుస్తుంది. స్పిరిటు దీపంతో బిళ్లను వేడిచేస్తే ఒక దశలో అది అయస్కాంతాన్ని వదిలి నిట్టనిలువుగా వేలాడుతుంది. దీపం తీసేస్తే చల్లబడి మళ్లీ అటు వాలుతుంది. అయస్కాంతానికి మంట సోకకుండా చూసుకోవాలి, అంతే. క్లాసులో నేను ఈ ప్రయోగం చేసిన ప్రతిసారీ వెనక బెంచీ వాళ్లు కూడా లేచి ముందుకు వచ్చారు.

ఒకచోట పనిచేసినప్పుడు ప్రయోగశాల సామాను ఏళ్ల తరబడి బీరువాలో తాళం వేసి ఉండడం చూశాను. పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. పిల్లలు సూత్రం బట్టీ పట్టి పరీక్ష రాసేవాళ్లు. మార్కులు వచ్చేవి, ప్రశ్నలు మాత్రం వచ్చేవి కావు. ఇప్పుడు ఎన్నో బడుల్లో పరిస్థితి ఇంతకంటే మెరుగు అని నేను అనుకోవడం లేదు.

భగవంతం గారు 1969లో పదవి వదిలాక కూడా ఊరుకోలేదు. వర్ధమాన దేశాల్లో శాస్త్ర సాంకేతిక రంగాల కోసం ఏర్పడిన అంతర్జాతీయ సంఘం బాధ్యతలు చూశారు. 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. ఆగిరిపల్లి నుంచి నిజాం కాలేజీకి, అక్కడి నుంచి కలకత్తాకు, వాల్తేరుకు, ఉస్మానియాకు, బెంగళూరుకు, ఢిల్లీకి సాగిన జీవితం అది. అందులో పద్దెనిమిది పందొమ్మిదేళ్ల వయసులో రామన్ గారి ప్రయోగశాల గుమ్మం తొక్కడమే పెద్ద మలుపు అని నాకు అనిపిస్తుంది. ఆ వయసు పిల్లలు ఇంకా వేడి దిగని ఇనుములాంటివాళ్లు. ఏ దిక్కయినా వాళ్లకు సమానమే. అప్పుడు పడే చిన్న మొగ్గు జీవితమంతా నిలుస్తుంది. అదే మొగ్గు ముప్పై ఏళ్ల తరువాత వెయ్యి రెట్లు బలంగా పెట్టినా అంత తేలిగ్గా పని చేయదు.

అధ్యాపక మిత్రులకు ఈ సంగతి నేను చెప్పక్కరలేదు. పూర్వ విద్యార్థి మిత్రులకు మాత్రం ఒక విన్నపం. ఈ స్వర్ణోత్సవం సందర్భంగా కమాను కడదామని, శిలాఫలకం పెడదామని మాటలు నడుస్తున్నాయి. మంచిదే. దాంతోపాటు బడి ప్రయోగశాలకు నాలుగు బలమైన అయస్కాంతాలు, ఒక దిక్సూచి, కొన్ని స్పిరిటు దీపాలు, మన గుట్టల నుంచి తెచ్చిన ఒక నల్లరాతి ముక్క కూడా ఇద్దాం. పగిలితే కొత్తవి కొనడానికి సంఘం నిధిలో కొంత పక్కన పెడదాం, అప్పుడు బీరువా తాళానికి పని ఉండదు. పాత పెట్టెల్లో పావలాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఉత్సవం రోజు తీసుకురండి. నా దగ్గర రెండున్నాయి, అవి నేను తెస్తాను.